కత్తి ఆయనది, తుప్పు నాది

వస్తువు కొన్నవాళ్ళది కాదు, దాన్ని కాపాడుతున్నవాళ్ళది. ఈ మాట నేను మా ఇంట్లో గోడకు వేలాడే రోము కత్తుల గురించి చెబుతున్నాను. మీ ఇంట్లో అది చేపల తొట్టి కావచ్చు, వరండాలో నిలబెట్టిన పాత బుల్లెట్ బండి కావచ్చు, మేడ మీద పావురాలు కావచ్చు. సరదా ఒకరిది, చాకిరీ ఇంకొకరిది అయిన ప్రతి ఇంటికీ ఈ గోల ఉన్నదే. కాబట్టి కత్తులు మాకు లేవు కదా అని లేచి వెళ్ళిపోకండి.

కలువాయిలో రోము కత్తులేందబ్బా అని నవ్వుకునేవాళ్ళకు ముందు సంగతి చెప్పాలి. మావారు హైస్కూల్లో సోషల్ చెబుతారు. మా ఇంట్లో మూడు నమూనా కత్తులు ఉన్నాయి. రెండు పొట్టివి, వాటిని గ్లాడియస్ అంటారు. రోము కాలిబంటు నడుముకు కట్టుకున్న కత్తి అది. అలుగు రెండడుగులకు లోపే ఉంటుంది. రెండూ పొట్టివే అయినా ఒకటి కాదు. ఒకదాని నడుము కొంచెం సన్నబడి మొన పొడుగ్గా ఉంటుంది, అది మైంజ్ రకం. జర్మనీలో ఆ ఊళ్ళో దొరికిన కత్తుల వల్ల ఆ పేరు వచ్చింది. రెండోదాని అంచులు తిన్నగా వచ్చి చివర్లో పొట్టి మొన తేలుతుంది, అది పాంపేయి రకం. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపేయి పేరే దానికి పెట్టారు. మూడోది స్పాథా, గుర్రపు దళం వాడిన పొడుగు కత్తి. మూడింటికీ పదును లేదు. ఇవి ఇటలీ నుంచి ఓడెక్కి రాలేదు. ఇలాంటివి మన దేశంలోనే డెహ్రాడూన్‌లో చేస్తారు. అక్కడి విండ్లాస్ స్టీల్‌క్రాఫ్ట్స్ 1943లో గూర్ఖా సైనికులకు కుక్రీలు చేసివ్వడంతో మొదలై, తర్వాత ప్రపంచమంతటికీ పాతకాలపు కత్తుల నమూనాలు పంపే కార్ఖానా అయింది. అమెరికాలో ఎవరి ఇంటి గోడ మీదో ఉన్న రోము కత్తి కూడా మన ఉత్తరాది కమ్మరి చేతి పనే కావచ్చు.

ఈ కత్తుల మీద మా చుట్టాలు చాలాకాలంగా మూడు మాటలు అంటున్నారు. ఆ మూడూ తప్పే. అసలు అనాల్సిన నాలుగో మాట మాత్రం ఎవరూ అనడం లేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మొదటి మాట మా అత్తది. "ఇంట్లో కత్తులు ఉంటే కొట్లాటలు వస్తాయి, తీసెయ్యండి" అంటుంది. అత్తా, మన వంటింట్లో కత్తిపీట ఉంది. పశువుల కొట్టం చూరులో రెండు కొడవళ్ళు ఉన్నాయి. కొబ్బరికాయలు కొట్టే మచ్చుకత్తి తలుపు వెనకే ఉంది. అవన్నీ పదునుగా ఉన్నవే. పదును లేని మూడు కత్తులు గోడ మీద ఉంటే మాత్రం కొట్లాట ఎందుకు వస్తుంది? కొట్లాట వచ్చేది వాటిని తుడిచే దగ్గర. ఆ సంగతికి తర్వాత వస్తాను. చట్టం కూడా ఈ తేడా చూసింది. 2016 ఆయుధాల నిబంధనల్లో కత్తులు, బాకులు, తొమ్మిది అంగుళాలకు మించిన పొడుగు చాకులు ఒక పట్టీలో ఉంటాయి. ఇంటిపనికి, సేద్యానికి వాడేవాటికి అందులో మినహాయింపు ఉంది. పదునున్న కత్తికి లైసెన్సు ఎక్కడెక్కడ కావాలో ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తుంది. కొనాలనుకునేవాళ్ళు ముందుగా పోలీసు స్టేషన్లో అడిగి తెలుసుకోవడం మంచిది. ఊరేగింపుల్లో తిప్పడానికి కొనేవాళ్ళతో నాకు పని లేదు. వాళ్ళు దయచేసి ఇది చదవడం ఆపేయవచ్చు.

రెండో మాట మా చిన్నాడపడుచు భర్తది. "అన్నీ నకిలీవే గదక్కా, వేలకు వేలు పోసి ఇనుపముక్కలు కొన్నారు" అంటాడు. నకిలీ అంటే అసలుదని చెప్పి అంటగట్టేది. ఇది నమూనా అని చెప్పే అమ్మారు, నమూనా అని తెలిసే కొన్నాం. ఇందులో మోసం ఎక్కడుంది? ఆమాటకొస్తే రోమువాళ్ళే నమూనా కత్తిని గౌరవించారు. కొత్తగా చేరిన సైనికుడికి అసలు కత్తి ఇచ్చేవాళ్ళు కాదట. దానికి రెట్టింపు బరువున్న కొయ్యకత్తి ఇచ్చి, నేలలో పాతిన గుంజ మీద సాధన చేయించేవాళ్ళని వెజీషియస్ అనే రచయిత రాశాడు. గోదాలో పోరాడే గ్లాడియేటర్‌కు విడుదల ఇచ్చేటప్పుడు అతని చేతిలో పెట్టేది కూడా కొయ్యకత్తే. దాన్ని రూడిస్ అనేవాళ్ళు. అసలు కత్తి పట్టినన్నాళ్ళూ అతను బానిస, కొయ్యకత్తి చేతికొచ్చిన రోజున స్వేచ్ఛ. ఇక నకిలీ అని ఏ మొహంతో అంటావు తమ్ముడూ? మన ఉదయగిరిలో ఆడవాళ్ళు కొయ్యతో చెక్కే గరిటెలకు, ఫోర్కులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అవి స్టీలువి కావు కాబట్టి నకిలీ చెంచాలు అంటామా?

మూడో మాట చదువుకున్నవాళ్ళది. "మనవి కాని కత్తులు మనకెందుకు? కృష్ణదేవరాయలు 1514లో పట్టుకున్న ఉదయగిరి కోట పక్కనే ఉంది, ఆ కాలపు కత్తి నమూనా పెట్టుకోవచ్చు గదా" అంటారు. పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? కానీ రోము మనకు పరాయిది అనుకోవడం మాత్రం తెలియనితనం. ఒకటో శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడో వ్యాపారో రాసిన పెరిప్లస్ అనే పుస్తకం ఉంది. ఎర్రసముద్రం ఒడ్డున అడూలిస్ రేవుకు దిగుమతయ్యే సరుకుల్లో భారతదేశపు ఇనుము, ఉక్కు ఉన్నాయని అందులో ఉంది. తర్వాతి కాలంలో నిజామాబాదు వైపు కోనసముద్రం మూసల్లో కరిగిన ఉక్కు కోసం పర్షియా నుంచి వ్యాపారులు వచ్చేవాళ్ళు. యూరపువాళ్ళు ఊట్జ్ అని పిలిచిన ఉక్కుకు మన దక్షిణాది "ఉక్కు" అన్న మాటే మూలమని చాలామంది చెబుతారు. కత్తి ఊసు మనకు కొత్త కాదు.

అంతకంటే దగ్గరి సంగతి ఇంకొకటి ఉంది. అది మా జిల్లాది. 1780లలో నెల్లూరు దగ్గర రాళ్ళ గుట్ట పక్కన ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి ఆనవాళ్ళు, దాని కింద ఒక చిన్న కుండ కనిపించాయి. కుండలో రోము బంగారు నాణేలు, రెండో శతాబ్దానివి. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫాస్టీనా రాణివి. ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా వరకు కరిగిపోయి ఉంటాయి. నవాబు అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా వెనక్కి తెప్పించగలిగాడు. అప్పట్లో మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ డేవిడ్సన్ తన వంతుగా రెండు ఏరుకుని, ఆ సంగతి ఉత్తరంలో రాశాడు. కొన్ని నాణేలు నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్టు మెరుస్తున్నాయట. కొన్ని మాత్రం బాగా అరిగి, బెజ్జాలు పడి ఉన్నాయట. వాటిని చేతికో మెడలోనో నగగా వేసుకుని ఉంటారని ఆయన ఊహ.

ఈ చివరి వాక్యం మావారు చదివి వినిపించినప్పటి నుంచి నా బుర్రలో తిరుగుతూనే ఉంది. గవర్నరు పేరు ఉంది. నవాబు పేరు ఉంది. నాణెం మీద చక్రవర్తి పేరు ఉంది. ఆ నాణేనికి బెజ్జం వేయించుకుని, దారం గుచ్చుకుని, అరిగిపోయేంత కాలం మెడలో మోసిన మనిషి పేరు మాత్రం లేదు. మన కాసులపేరు ఎక్కడ నుంచి వచ్చిందో చెప్పేటంత చదువు నాకు లేదు. కానీ పండక్కి తీసి, పండగయ్యాక తుడిచి, గుడ్డలో చుట్టి పెట్టిన చేతులు ఎవరివై ఉంటాయో నాకు బాగా తెలుసు. కరిగించి అమ్మిన రైతును నేను తప్పుపట్టను. ఆ ఏడాది అతని ఇంట్లో ఏ అవసరం ఉందో మనకేం తెలుసు? కానీ ఒక వస్తువు రెండు వేల ఏళ్ళు నిలవాలంటే దాన్ని సంపాదించినవాడు ఒక్కడే సరిపోడు. ఎవరో ఒకరు రోజూ కనిపెట్టుకుని ఉండాలి. ఆ ఎవరో ఒకరి పేరు ఎక్కడా రాయరు.

ఇక నాలుగో మాటకు వస్తాను. ఎవరూ అననిది.

మా ఇంటికి వచ్చినవాళ్ళు కత్తులు చూసి మెచ్చుకుంటారు. "సార్ కలెక్షన్ బ్రహ్మాండం" అంటారు. మావారు కుర్చీలో కూర్చుని మైంజ్ కథ, పాంపేయి కథ చెబుతారు. చక్కగా చెబుతారు, నాకూ వినడం ఇష్టమే. నేను కాఫీ తెచ్చి ఇస్తాను. "ఇంత మెరుపు ఎలా వస్తుంది సార్" అని ఎవరైనా అడిగితే "నూనె రాస్తాం" అంటారు. రాస్తాం! ఆ "తాం"లో ఉన్నది ఎవరు? రాసేది నేను. మా పాప సాయం చేస్తుంది. ఆయన ఎప్పుడూ రాయలేదు.

నూనె రాయడం అంత పెద్ద పనా అని అడిగేవాళ్ళ కోసం పని ఏమిటో చెబుతాను. ఇంట్లో ఇలాంటివి ఉన్నవాళ్ళకు పనికి కూడా వస్తుంది.

ఈ కత్తుల అలుగు కార్బన్ స్టీలు. మన గిన్నెల్లాంటి స్టెయిన్‌లెస్ స్టీలు కాదు. స్టెయిన్‌లెస్‌లో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉండి తుప్పును ఆపుతుంది. కార్బన్ స్టీలుకు ఆ రక్షణ లేదు, మన పాత దోసె పెనం లాంటిదే. గాలి, తడి ఉంటే చాలు తుప్పు మొదలవుతుంది. ఉప్పు తగిలితే ఇంకా తొందరగా పడుతుంది. మనిషి చెమటలో ఉప్పు ఉంటుంది. ఎండాకాలంలో మా వైపు ఎలా ఉంటుందో మీకు తెలుసు. వచ్చిన చుట్టం ముచ్చటపడి అలుగు మీద వేలు పెట్టి నిమిరి వెళితే, వారం తర్వాత అతని వేలిముద్ర గోధుమరంగులో అచ్చుపడి కనిపిస్తుంది. అందుకే పట్టుకుంటే పిడి పట్టుకోవాలి, లేదా గుడ్డతో పట్టుకోవాలి. ఈ మాట చుట్టాలకు చెప్పి చెడ్డదాన్నయ్యేది కూడా నేనే.

మెత్తటి నూలుగుడ్డతో పాత నూనె పూర్తిగా తుడవాలి. పిడి దగ్గర నుంచి మొన వైపుకే తుడవాలి, ముందుకూ వెనక్కూ రుద్దకూడదు. తర్వాత పలచగా కొత్త నూనె పూయాలి. ఏ నూనె అన్నది ముఖ్యం. వంటింట్లో ఉంది కదా అని శనక్కాయ నూనె రాస్తే కొన్నాళ్ళకు జిగురు కట్టి దుమ్మంతా అంటుకుంటుంది. కుట్టుమిషన్‌లో వేసే నూనె ఖనిజ నూనె కాబట్టి జిగురు కట్టదు. అది మంచిది. డబ్బు పెట్టగలిగితే మైనం ఉంది. బ్రిటిష్ మ్యూజియంవాళ్ళు 1950లలో తమ వస్తువుల కోసం తయారుచేసుకున్న రినైసాన్స్ వాక్స్‌ను ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. చిన్న డబ్బా ఏళ్ళ తరబడి వస్తుంది. కొయ్య పిడికి ఏడాదికి రెండుసార్లు అవిసె నూనె పట్టించాలి, లేకపోతే మన ఎండలకు పగులుతుంది. ఇత్తడి బిళ్ళలకు చిలుము పడుతుంది. ఇత్తడే కదా అని చింతపండుతో తోమితే ఆ పులుసు పక్కనున్న ఇనుముకు తగిలి మచ్చ పడుతుంది. గుడ్డతో పొడిగా మెరుగు పెట్టాలి.

తోలు ఒరలో పెట్టి మర్చిపోతే కత్తి పోయినట్టే. తోలు తడిని పీల్చి పట్టుకుంటుంది, పదును పెట్టేటప్పుడు వాడిన పదార్థాల పులుపు అందులో ఉంటుంది. చూడటానికి ఒర, దాచడానికి కాదు. కార్తీకంలో ముసురు పట్టినప్పుడు నేను కత్తులను గోడ నుంచి దించి, పొడిగుడ్డలో చుట్టి, బీరువాలో చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు పక్కన పెట్టి పడుకోబెడతాను. ఎక్కడైనా తుప్పు చుక్క కనిపిస్తే సన్న ఎమరీ కాగితానికి నూనె తడిపి, అలుగు పొడుగునా మెల్లగా రుద్దాలి. గుండ్రంగా రుద్దితే ఆ గీతలు ఎప్పటికీ పోవు.

ఆయుధపూజ రోజు ఇంకో పంచాయితీ. మా అత్త తడి పసుపు, కుంకుమ అలుగు మీద పెట్టాలంటుంది. తడి పసుపు కార్బన్ స్టీలు మీద ఒక పూట ఉంటే చాలు, మచ్చ మిగులుతుంది. వద్దంటే దేవుడితో పేచీ, ఊరుకుంటే మరుసటి రోజు ఎమరీ కాగితం. చివరికి బొట్టు పిడి చివరి గుండు మీద పెట్టేలా మా అత్తను ఒప్పించింది మా పాప. "తలకాయ అదే నాయనమ్మా, బొట్టు తలకు పెడతారు గానీ పొట్టకు పెడతారా" అంది. ఆమె నవ్వి ఒప్పుకుంది.

వానాకాలం మూడు నెలలు పదిహేను రోజులకొకసారి, మిగతా తొమ్మిది నెలలు నెలకొకసారి. ప్రతిసారీ మూడు కత్తులకూ కలిపి గంట. అంటే ఏడాదికి పదిహేను గంటలు. "ఇంతేనా" అంటారని నాకు తెలుసు. గంటలు లెక్కపెట్టి ఏడవడం నా ఉద్దేశం కాదు. బరువు గంటల్లో లేదు, గుర్తుపెట్టుకోవడంలో ఉంది. ఆకాశం మబ్బు పట్టగానే బట్టలు, వడియాలు, పిడకలతో పాటు కత్తులు కూడా గుర్తుకు రావాలి. నూనె సీసా అడుగంటక ముందే గుర్తుకు రావాలి. పుట్టింటికి వారం రోజులు వెళితే మూడో రోజు అక్కడ వాన పడుతుంటే "గోడ చెమ్మగిల్లుతుందేమో" అని ఫోన్ చెయ్యాలి. ఆయనకు ఏ రాత్రీ ఆ ఆలోచన రాదు. ఎందుకంటే ఆయన తరఫున నేను ఆలోచిస్తున్నాను. సరదా అంటే నచ్చినప్పుడు చేసేది. పని అంటే నచ్చకపోయినా ఆగనిది. ఒకే వస్తువులో సరదా అంతా ఒకరికి, పని అంతా ఇంకొకరికి వస్తే దాన్ని కుటుంబం సేకరణ అనడం అన్యాయం.

ఇందులో రోమువాళ్ళు మనకంటే నయం. వాళ్ళ దళంలో ఆయుధాలను కనిపెట్టుకునేవాడికి ఒక పదవి ఉండేది. కుస్తోస్ ఆర్మోరం, అంటే ఆయుధాల కాపలాదారు. అది ఉత్త పేరు కాదు. ఆ పని చేసేవాడు ఇమ్యూనిస్‌ల జాబితాలో ఉండేవాడు. కందకాలు తవ్వడం, కట్టెలు మోయడం లాంటి రోజువారీ చాకిరీ నుంచి వాళ్ళకు మినహాయింపు. ఆయుధాన్ని బాగా ఉంచడం కూడా సైన్యం పనే, దానికి సమయం కావాలి, కాబట్టి మిగతా పనులు తగ్గించాలి అన్న ఇంగితం వాళ్ళకు ఉంది. మరి మా ఇంటి కుస్తోస్ ఆర్మోరంకు ఏ మినహాయింపు ఉంది? కత్తులు తుడిచి లేచి అంట్లు తోమాలి. అంట్లు తోమి లేచి నీళ్ళు పట్టాలి. ఈ సంగతి మావారికి తెలియదని కాదు. కుస్తోస్ ఆర్మోరం గురించి నాకు చెప్పింది ఆయనే! పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పారు, నేను కత్తికి నూనె రాస్తుంటే పక్కన నిలబడి.

నాకు వచ్చే జవాబులు కూడా రాస్తాను, ఏకపక్షంగా మాట్లాడిందనుకోకూడదు.

"నా జీతంతో కొన్నాను" అంటారు. నిజమే. ఆ జీతం నెలాఖరుకు మిగలడం వెనక నా చేయి లేదా? ఎనిమిది వేల కత్తి రెండు వానాకాలాలకే పాత ఇనుప సామాన్లవాడికి వేసే ముక్క కాకుండా ఆపుతున్నది ఏ జీతం?

"నీకూ ఇష్టమే కదా" అంటారు. ఇష్టమే. నూనె రాసిన అలుగు మీద కిటికీ వెలుగు పడితే నాకు ఆనందంగానే ఉంటుంది. కానీ ఇష్టంగా చేస్తున్నారు కాబట్టి దానికి పేరు అక్కర్లేదు అనే తర్కం ఆడవాళ్ళ పనికే ఎందుకు వర్తిస్తుంది? ఆయనా ఇష్టంగానే కొన్నారు కదా. మరి ఆయన పేరు ఎందుకు చెబుతున్నారు?

"ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా" అంటారు. చిన్నదైతే రేపటి నుంచి మీరే చెయ్యండి. చిన్నపనే కదా!

ఇన్నాళ్ళూ ఈ మాటలన్నీ నాలోనే పెట్టుకున్నాను. ఇప్పుడు బయటికి రావడానికి కారణం మా పాప. దానికి పదమూడేళ్ళు. మూడేళ్ళుగా నాతో కూర్చుని తుడుస్తోంది. ఇప్పుడు నాకంటే బాగా చేస్తుంది. తుప్పు చుక్క నా కళ్ళజోడుకు కనిపించక ముందే దాని కంటికి కనిపిస్తుంది. మైంజ్ రకం పట్టుకుని బరువు ఎక్కడ తూగుతోందో చెబుతుంది. మా వాడికి పదేళ్ళు. వాడికి కత్తి అంటే ఫోటో దిగడానికి. అది వాడి తప్పు కాదు, చిన్నపిల్లవాడు. పోయిన దసరాకు బంధువులందరి ముందు మా మామ అన్నారు, "ఇవన్నీ రేపు మనవడివే గదా" అని. అందరూ అవునన్నారు. పాప ముఖం నేను చూశాను. అది ఏమీ అనలేదు, చేతిలో గుడ్డ మడతపెట్టింది.

మామ చెడ్డవారు కాదు. పాప అంటే ప్రాణం. పాపకు "బంగారం పెడతాం" అంటారు. అంటే కత్తి వాడికి, నగ దానికి. అది కత్తులు తుడుస్తూనే పెరిగి, ఇంకో ఇంటికి వెళ్ళి, అక్కడ ఇంకెవరి సరదాకో నూనె రాయాలి. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా వాటా ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చింది. దేశం మొత్తానికి ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. ఇరవై ఏళ్ళు ముందున్న రాష్ట్రం మనది. పొలంలో వాటా ఇవ్వొచ్చునని చట్టం చెప్పి నలభై ఏళ్ళు అవుతున్నా, గోడ మీది పదును లేని కత్తి దగ్గరకు వచ్చేసరికి అది మగపిల్లవాడిదే అని మన నోటికి అలవాటుగా వచ్చేస్తుంది. ఆలోచించి అన్న మాటైతే వాదించి మార్చొచ్చు. ఆలోచించకుండా వచ్చే మాట మార్చడం చాలా కష్టం.

అందుకని మా ఇంట్లో ఈ నెల నుంచి కొన్ని నియమాలు పెట్టాను. మావారికి చెప్పాను. మొదట ముఖం ముడుచుకున్నారు, రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కుట్టుమిషన్ నూనె ఎక్కడుందని అడిగారు. బీరువా కింది అరలో అని చెప్పాను. అంతకంటే ఏమీ అనలేదు.

నియమాలు ఇవి. మూడు కత్తుల్లో స్పాథా ఆయనది. దాని తుడుపు పూర్తిగా ఆయనదే, నేను గుర్తుచెయ్యను. తుప్పు పడితే పడనీ. పాంపేయి రకం నాది, నేను చూసుకుంటాను. మైంజ్ రకం పాపది. దానికి పెళ్ళయినా, ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్ళినా, ఏమీ కాకపోయినా, ఆ కత్తి దానితో వెళుతుంది. మా వాడు వారం వారం పాప దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. ఒక ఏడాది తప్పకుండా చేస్తే అప్పుడు వాడికీ ఒకటి. అది నాలుగో కత్తి అవుతుంది. అంతవరకు ఇంట్లోకి కొత్త కత్తి రాదు. చుట్టాలు వచ్చి "ఎవరు తుడుస్తారు" అంటే, ఎవరు తుడుస్తారో వాళ్ళ పేరే చెప్పాలి. "తాం" అనకూడదు.

స్పాథా మీద మొన దగ్గర ఈ వారం ఒక గోధుమరంగు చుక్క కనిపించింది. నా చేయి గుడ్డ కోసం వెళ్ళబోయింది. వెళ్ళనివ్వలేదు. అది ఆయన చూసుకోవాలి. రేపు చూస్తారో, పై నెల చూస్తారో నాకు తెలియదు. కత్తి పాడైతే నష్టమే. కానీ ఇంతకాలం అది పాడవకుండా ఉండటం వెనక ఎవరున్నారో ఎవరికీ కనిపించలేదు. ఆ చుక్క వల్లనైనా కనిపిస్తుందేమో.

మీ ఇంట్లో చేపల తొట్టి నీళ్ళు ఎవరు మారుస్తున్నారు? మేడ మీద పావురాల గూడు ఎవరు కడుగుతున్నారు? వాళ్ళ పేరు ఈ వారంలో ఒక్కసారైనా, నలుగురి ముందు, గట్టిగా చెప్పండి. ఆ పేరు మీదే అయితే మొహమాటపడకుండా మీరే చెప్పుకోండి.